చంపినా గొడవే, బతికించినా గొడవే: గూఢచారి ఆఖరి సినిమా ఎందుకు మింగుడుపడదు

క్లుప్తంగా: 2021లో ‘నో టైమ్ టు డై’లో జేమ్స్ బాండ్‌ని చంపేశారు, అభిమానుల్లో చాలామంది ఊరుకోలేదు. 2025లో ‘మిషన్ ఇంపాజిబుల్’ హీరో ఈథన్ హంట్‌ని బతికించి పంపారు, అప్పుడూ పెదవి విరిచినవాళ్ళు తక్కువేం కాదు. కథ బాగుందా లేదా అన్నదానికన్నా, ప్రేక్షకుడు పాత్రకి అభిమానా నటుడికి అభిమానా అన్నదాని మీదే ఈ గొడవ ఎక్కువగా నడుస్తోంది. హీరో పేరు మీదే సినిమా ఆడే కృష్ణా, గుంటూరు ప్రాంతంలో ఆ లెక్క ఇంకోలా ఉంటుంది. రెండు సినిమాల క్లైమాక్సులూ ఈ వ్యాసంలో దాచకుండా ఉన్నాయి, చూడనివాళ్ళు గమనించగలరు.

కలెక్షన్ల లెక్క లేని గొడవ

విజయవాడ గాంధీనగర్‌లో సినిమా అంటే ముందు లెక్క. డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు దశాబ్దాలుగా అక్కడే ఉన్నాయి. తెలుగు సినిమా వ్యాపారంలో కృష్ణా ఒక ఏరియా, గుంటూరు ఇంకో ఏరియా. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, నెల్లూరు మిగతావి. పెద్ద హీరో సినిమా విడుదలైన రెండో రోజుకే ఏ ఏరియాలో ఎంత షేర్ వచ్చిందో టీకొట్టు దగ్గర నిలబడ్డ కుర్రాడు కూడా చెప్పేస్తాడు. అభిమానుల వాదనలు చాలావరకు ఆ అంకెల చుట్టూనే తిరుగుతాయి. కథ నచ్చిందా అని అడిగినా జవాబు కలెక్షన్లలోనే వస్తుంది.

హాలీవుడ్ గూఢచారికి ఈ హడావుడి లేదు. గుంటూరు షేర్ ఇంత అని అంకె బయటికి రాదు. ఫ్లెక్సీ కట్టే అభిమాన సంఘం లేదు, పాలాభిషేకం లేదు, బెనిఫిట్ షో టికెట్ కోసం తోపులాట లేదు. వాదించుకోవడానికి మిగిలేది సినిమా ఒక్కటే, అందులోనూ ముఖ్యంగా ముగింపు. మామూలుగా క్లైమాక్స్ గురించి పెద్దగా పట్టించుకోని ప్రేక్షకుడు కూడా ఈ రెండు సినిమాల దగ్గర మాత్రం ‘అలా ఎలా చేస్తారు?’ అని ఆగిపోవడానికి ఇది ఒక కారణం.

విజయవాడకి ఇంగ్లిష్ సినిమా కొత్త కాదు. నవరంగ్, లీలామహల్ అంటే పాతతరం వాళ్ళకి గుర్తొచ్చేవి ఇంగ్లిష్ బొమ్మలే. డైలాగు సగం అర్థం కాకపోయినా కారు ఛేజుల కోసం, పెన్నులోంచి పేలే తుపాకుల కోసం వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి బాండ్ అంటే ఒక సినిమాకీ ఇంకో సినిమాకీ సంబంధం లేని వినోదం. ఇప్పుడు మాల్‌లో మల్టీప్లెక్స్‌కి వెళ్ళే ఇంజినీరింగ్ కుర్రాడి పద్ధతి వేరు. పాత భాగాలన్నీ ఫోన్లో వరసగా చూసి, ఎవరు ఎవరిని ఎందుకు చంపారో గుర్తుపెట్టుకుని మరీ వెళ్తాడు. ఒకే హాల్లో పక్కపక్కన కూర్చున్నా ఇద్దరూ చూస్తున్నది ఒకే సినిమా కాదు.

బాండ్‌ని చంపడానికి 15 ఏళ్ళు పట్టింది

1962లో షాన్ కానరీతో మొదలైన వరసలో 2021 నాటికి 25 సినిమాలు వచ్చాయి, ఆరుగురు నటులు మారారు. కానరీ, జార్జ్ లేజెన్‌బీ, రోజర్ మూర్, తిమోతీ డాల్టన్, పియర్స్ బ్రాస్నన్, డేనియల్ క్రెయిగ్. ఇల్లు అదే, అద్దెకున్నవాళ్ళు మారుతుంటారు. నటుడు వెళ్ళిపోయినప్పుడు కథలో వీడ్కోలు ఉండేది కాదు, ఎందుకంటే పాత్ర ఎక్కడికీ వెళ్ళడం లేదు. రోజర్ మూర్ ఏడు సినిమాలు చేసి 1985లో తప్పుకున్నాడు. అప్పటికి ఆయనకి 57 ఏళ్ళు. ఆ ఆఖరి సినిమాలో ఆయన పాత్రకి ఏమీ కాలేదు, 1987లో అదే బాండ్ ఇంకో ముఖంతో వచ్చేశాడు. ఎవరూ అదేమిటని అడగలేదు.

ఈ పద్ధతి 2006లో మారింది. ‘క్యాసినో రాయల్’లో క్రెయిగ్ కొత్తగా లైసెన్స్ పొందిన ఏజెంట్‌గా మొదటి నుంచి మొదలుపెట్టాడు. అక్కడి నుంచి ఐదు సినిమాలు ఒకే కథలా అల్లుకున్నాయి. మొదటి సినిమాలో చనిపోయిన ప్రేయసి వెస్పర్ సమాధి దగ్గరికి ఐదో సినిమాలో వెళ్తాడు. గాయాలు మానవు, వయసు పెరుగుతుంది, బాస్ చనిపోతుంది, ఉద్యోగం వదిలేస్తాడు, కూతురు పుడుతుంది. మొదలున్న కథకి చివర కూడా ఉండాలి కదా. చివరి సినిమాలో తనని చంపేయొచ్చా అని క్రెయిగ్ 2006లోనే నిర్మాతని అడిగాడు. ఆ సంగతి ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అంటే ‘నో టైమ్ టు డై’ క్లైమాక్స్ ఆఖరి నిమిషంలో తట్టిన ఆలోచన కాదు, 15 ఏళ్ళ కిందటి బేరం.

ఆ క్లైమాక్స్‌ని కాస్త దగ్గరగా చూస్తే దర్శకుడు కేరీ ఫుకునాగా వేసిన ముడి కనిపిస్తుంది. బాండ్ శరీరంలోకి నానోబాట్లు, అంటే కంటికి కనిపించనంత చిన్న యంత్రాలు ఎక్కుతాయి. అవి ప్రేమించిన మనిషి డీఎన్ఏ లెక్కన తయారైనవి. తాకితే భార్యలాంటి మదలిన్, నాలుగైదేళ్ళ కూతురు మథిల్డ్ చచ్చిపోతారు. మరోపక్క విషం తయారయ్యే దీవి మీదికి క్షిపణులు బయలుదేరాయి, వాటికోసం తలుపులు తెరిచి ఉంచాలి. తెరిచి వచ్చేస్తే బతుకుతాడు. కానీ బతికి వచ్చి చేసేదేముంది? కూతుర్ని ఎత్తుకోలేడు. తప్పించుకోగలిగే దారి ఉండి కూడా దానికి అర్థం లేకుండా చేశారు. 60 ఏళ్ళుగా ప్రతి క్లైమాక్స్‌లోనూ చివరి సెకనులో తప్పించుకున్న మనిషికి ఇంతకన్నా గట్టి తాళం వేయడం కష్టం.

క్రెయిగ్‌తో పాటు 2006 నుంచి నడిచినవాళ్ళకి ఇది న్యాయంగానే అనిపించింది. రోజర్ మూర్ కాలం నుంచి చూస్తున్నవాళ్ళకి మాత్రం ఎవరో అద్దెకొచ్చి ఇల్లు కూల్చి వెళ్ళినట్టయింది. కోపం ఎక్కువగా ఈ రెండోవాళ్ళది. అది చాదస్తమని కొట్టిపారేయడానికి లేదు. వాళ్ళకి ఇచ్చిన మాట వేరు.

ఇలాంటి కోపం సినిమాలకన్నా పాతది. 1893లో కోనన్ డాయల్ షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలోకి తోసేసినప్పుడు పాఠకులు గొడవ చేశారు. పదేళ్ళలో హోమ్స్‌ని వెనక్కి తేక తప్పలేదు. బాండ్‌ని సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ కూడా 1957 నాటి నవల చివర బాండ్‌ని విషంతో కుప్పకూలేలా చేసి వదిలేశాడు, మరుసటి ఏడు వచ్చిన నవలలో లేపాడు. పుస్తకంలో దొంగచావు చూపించి తప్పించుకోవచ్చు. క్షిపణులు పడ్డ దీవి మీద నిలబెట్టి చూపించాక తప్పించుకోవడం కుదరదు.

శుభం కార్డుకి ముందే తలుపులు తెరుస్తారు

విజయవాడలోనే కాదు, మన దగ్గర ఏ హాల్లోనైనా ఒక అలవాటుంది. ఆఖరి షాట్ అయీ అవకముందే పక్క తలుపులు తెరుచుకుంటాయి, బయటి వెలుగు తెర మీద పడుతుంది, పార్కింగ్‌లో బండి ముందు తీయాలని జనం లేస్తారు. పేర్లు పడుతుండగానే చీపుళ్ళు పట్టుకుని ఊడ్చేవాళ్ళు లోపలికొస్తారు. తర్వాతి షోకి గ్యాప్ అంతే ఉంటుంది మరి.

‘నో టైమ్ టు డై’లో అసలు విషయం ఆ పేర్ల చివర ఉంది. ‘జేమ్స్ బాండ్ తిరిగి వస్తాడు’ అన్న వాక్యం అక్కడ వేశారు. ఆ ఒక్క ముక్క చూసినవాళ్ళకి అర్థం ఒకటి: చనిపోయింది క్రెయిగ్ బాండ్, పాత్ర కాదు. చూడకుండా లేచిపోయినవాళ్ళకి అర్థం ఇంకొకటి: బాండ్ సిరీస్ అయిపోయింది. బయట టీ దగ్గర జరిగిన వాదనల్లో సగం ఈ రెండు జట్ల మధ్యవే అంటే అతిశయోక్తి కాదేమో.

దీనికి విడుదల తేదీలు కూడా తోడయ్యాయి. కోవిడ్ వల్ల పదేపదే వాయిదా పడ్డ ఆ సినిమా ఇండియాలో 2021 సెప్టెంబర్ 30న, అమెరికాకన్నా వారం ముందే వచ్చింది. తెలుగు డబ్బింగ్ కూడా అదే రోజు. అప్పటికి హాళ్ళకి వెళ్ళడానికి జనం ఇంకా తటపటాయిస్తున్నారు. తర్వాత అది ఓటీటీలోకి వచ్చాక ఇళ్ళల్లో చూసినవాళ్ళది రెండో విడత స్పందన. మొదటి విడతలో చూసినవాళ్ళు షాకయ్యారు. రెండో విడత వాళ్ళకి బాండ్ పోతాడని ముందే తెలుసు. హాల్లో ఎవరో ఫోన్ ఎత్తి తీసిన క్లైమాక్స్ ముక్క వాట్సాప్ స్టేటస్‌గా వాళ్ళ దాకా ఎప్పుడో వచ్చేసింది. తెలిసి చూసినవాళ్ళు ఎలా పోతాడో చూశారు, వాళ్ళలోనే సినిమా నచ్చినవాళ్ళు ఎక్కువ కనిపించడం వింతేమీ కాదు. ఎందుకో తర్వాత చూద్దాం.

ఈథన్ హంట్‌కి వారసుడు లేడు

‘మిషన్ ఇంపాజిబుల్’ సంగతి దీనికి తలకిందులు. 1996 నుంచి 2025 వరకు ఎనిమిది సినిమాలు, నటుడు ఒక్కడే. మొదటి సినిమా నుంచీ టామ్ క్రూజ్ హీరోనే కాదు, నిర్మాత కూడా. విమానానికి వేలాడింది, బుర్జ్ ఖలీఫా గోడ ఎక్కింది ఈథన్ అని ఎవరూ అనరు, క్రూజ్ అంటారు. ఆఖరి సినిమాకి మండుతున్న పారాచూట్‌తో 16 సార్లు దూకినందుకు గిన్నిస్ రికార్డు ఇచ్చింది కూడా క్రూజ్‌కే. పాత్రకీ నటుడికీ మధ్య సందు లేదు.

ఈ పద్ధతి తెలుగు ప్రేక్షకుడికి వెంటనే ఎక్కుతుంది. ఇక్కడ హీరో పాత్ర పేరు సినిమా అయ్యేలోపు మర్చిపోతారు, ‘మావాడు’ ఏం చేశాడన్నదే గుర్తుంటుంది. క్రూజ్‌కి 62 ఏళ్ళని తెలిసి నోరెళ్ళబెట్టినవాళ్ళు కూడా ఆ వయసులో పరుగెత్తడాన్ని తప్పుపట్టలేదు. అరవై దాటిన హీరోలు కాలేజీ అమ్మాయితో డ్యూయెట్ పాడితే చప్పట్లు కొట్టిన ఊళ్ళకి బైప్లేన్ రెక్క మీద వేలాడడం ఒక లెక్కా!

అయితే ఆ ఎనిమిదో సినిమా ‘ఫైనల్ రెకనింగ్’ మీద ఫిర్యాదులు వేరే చోట నుంచి వచ్చాయి. ఒకటి, ఆఖరిదని పేరులోనే చెప్పి, చివరికి హీరోని లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ జనంలో కలిపేసి వదిలేశారు. ప్రాణం పోయింది అతని పాత నేస్తం లూథర్‌కి. మొదటి సినిమా నుంచి ఎనిమిదో సినిమా దాకా హీరోతో పాటు వచ్చిన పాత్ర అదొక్కటే. వీడ్కోలు చెప్పాలని టికెట్ కొన్నవాడికి వీడ్కోలు దొరకలేదు. రెండు, మొదటి గంటలో పాత సినిమాల ముక్కలు, జరిగిన కథ చెప్పడాలు మరీ ఎక్కువయ్యాయి. 2 గంటల 49 నిమిషాల సినిమాలో నీళ్ళ అడుగున సబ్‌మెరైన్ దగ్గరికి చేరేసరికే ఓపిక సగం అయిపోయిందన్నవాళ్ళున్నారు.

రెండో ఫిర్యాదుకి కారణం ఊహించడం కష్టం కాదు. ఇది అసలు 2023 సినిమాకి రెండో భాగంగా మొదలైంది. ఆ మొదటి భాగం అనుకున్నంత ఆడలేదు. విడుదలైన వారానికే ‘ఓపెన్‌హైమర్’, ‘బార్బీ’ వచ్చిపడ్డాయి. దాంతో పేరు మార్చారు, రెండో భాగమన్న మాట తీసేశారు. మొదటిది చూడనివాడు కూడా వస్తాడనుకున్నప్పుడు ముందు కథ చెప్పాలి, ఎనిమిది సినిమాలకీ ఇది ముగింపు అన్నప్పుడు 29 ఏళ్ళ కథ చెప్పాలి. రెండూ కలిసి మొదటి గంటని మింగేశాయి.

అదే వెనక్కి చూపులో ఒక చోట మాత్రం సినిమా గురి తప్పలేదు. 1996 సినిమాలో క్రూజ్ తాడుకి వేలాడుతూ సీఐఏ గదిలోంచి జాబితా కొట్టేస్తాడు. ఆ గదిలో పనిచేసే డన్‌లో అనే ఉద్యోగిని శిక్షగా అలాస్కా పంపించేయమంటారు. జనం నవ్వేసి మర్చిపోయిన ఒక్క లైను అది. 29 ఏళ్ళ తర్వాత అదే నటుడు రోల్ఫ్ శాక్సన్ ముసలి డన్‌లోగా మంచు దీవిలో కనిపిస్తాడు. ఆ రోజు గదిలో పడిపోయిన కత్తిని దాచుకుని ఉంటాడు. తన జీవితం పాడైందని ఏడవడు, అక్కడే పెళ్ళి చేసుకుని హాయిగా ఉన్నానంటాడు. ఆ సీన్ పాత అభిమానికి ఒళ్ళు జలదరించే చోటు. మొదటిసారి చూస్తున్న కుర్రాడికి ఎవరో పెద్దాయన కత్తి ఇస్తున్నాడు, అంతే. ఒకే సీన్‌కి ఒక వరసలో ఈల, వెనక వరసలో ఆవలింత. ‘నోస్టాల్జియా ఎక్కువైంది’, ‘సరిపోలేదు’ అని ఒకే సినిమా మీద రెండు ఫిర్యాదులూ రావడం ఇలాగే.

పాత అభిమానుల కోపం ఈ సిరీస్‌కి పుట్టుకతోనే వచ్చింది కూడా. అసలిది 1966 నుంచి 1973 వరకు నడిచిన అమెరికన్ టీవీ సీరియల్. అందులో ఒక్క హీరో లేడు, జట్టు ఉంది, జట్టుకి జిమ్ ఫెల్ప్స్ నాయకుడు. 1996 సినిమా ఆ ఫెల్ప్స్‌నే ద్రోహిగా మార్చింది. టీవీలో ఆ పాత్ర వేసిన పీటర్ గ్రేవ్స్ సినిమాలో చేయనన్నాడు. అప్పుడు ఉడుక్కున్న ప్రేక్షకులు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళ ఫిర్యాదు ఎవరికీ గుర్తులేదు.

బుర్రిపాలెం నుంచి కారంపూడి దాకా

‘హీరో చచ్చిపోతే మనవాళ్ళు చూడరు’ అన్న మాట సినిమా ఆఫీసుల్లో తరచూ వినిపిస్తుంది. గుంటూరు జిల్లా వరకే చూసినా ఈ మాట సగమే నిజం.

తెనాలి పక్కన బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ తెలుగువాళ్ళకి మొదటి జేమ్స్ బాండ్. 1966లో ‘గూఢచారి 116’ ఆయనకి మాస్ హీరోగా దారి వేసింది. తర్వాత ‘జేమ్స్ బాండ్ 777’, ‘ఏజెంట్ గోపి’ వచ్చాయి. ‘ఆంధ్రా జేమ్స్ బాండ్’ అన్న పేరు అలా స్థిరపడింది. ఆ సినిమాల్లో హీరో బతుకుతాడా అన్న టెన్షన్ ఎవరికీ లేదు. టికెట్‌తో పాటే అభయం ఇచ్చేసినట్టు.

అదే కృష్ణ 1974లో తన నూరో సినిమాగా ‘అల్లూరి సీతారామరాజు’ చేశాడు. అందులో హీరో చనిపోతాడు, తుపాకీ గుళ్ళకి ఎదురు నిలబడి. జనం విరగబడి చూశారు. అదే హీరో, అదే ప్రేక్షకులు, రెండు చోట్లా ఒప్పుకున్నారు. తేడా ఎక్కడుంది? అల్లూరి కథ ముందే తెలుసు. చావడానికే మొదలయ్యే కథ అది. తెలిసిన చావుని ఎలా చావాలో చూడడానికి వెళ్ళారు.

ఇంకా వెనక్కి వెళ్తే పల్నాడు ఉంది. 2022 వరకు గుంటూరు జిల్లాలో భాగం. పల్నాటి యుద్ధంలో బాలచంద్రుడితో సహా వీరులందరూ పోతారు. కారంపూడిలో ఏటా కార్తీకమాసంలో వాళ్ళకి ఉత్సవాలు జరుగుతాయి, వాళ్ళ ఆయుధాలకి పూజలు చేస్తారు. వీరుడి చావుకి వందల ఏళ్ళుగా పండగ చేస్తున్న ప్రాంతానికి హీరో చావు తెలియదనడం కుదరదు.

కాబట్టి ఇక్కడ అడ్డం వచ్చేది చావు కాదు, మాట తప్పడం. వీరగాథ చెప్పేవాడు మొదట్లోనే ముగింపు చెప్పి మొదలుపెడతాడు. గూఢచారి కథ చెప్పేవాడు ‘ఎలాగైనా బయటపడతాడు చూడండి’ అని మొదలుపెడతాడు. రెండో పద్ధతిలో మొదలుపెట్టి మొదటి పద్ధతిలో ముగిస్తే వినేవాడికి ఒళ్ళు మండుతుంది. బాండ్ చావు ముందే తెలిసి ఇంట్లో చూసినవాళ్ళకి సినిమా ఎక్కువ నచ్చడం ఇందుకే. వాట్సాప్ స్టేటస్ వాళ్ళ పాలిట బుర్రకథ వంతపాటగాడి పని చేసింది.

తెలుగులో ‘ఆఖరి సినిమా’ అనగానే గుర్తొచ్చే ఉదాహరణ గుడివాడ దగ్గరి రామాపురంలో పుట్టిన అక్కినేనిది. 2014 జనవరిలో ఆయన పోయారు, ‘మనం’ మేలో వచ్చింది. హాల్లో కళ్ళు తుడుచుకున్నవాళ్ళు తుడుచుకున్నది అందులోని పాత్ర కోసం కాదు. పాత్ర పేరేమిటని అడిగితే చాలామంది ఇప్పుడు తడుముకుంటారు. వీడ్కోలు మనిషికి. కృష్ణ విషయంలో అది కూడా జరగలేదు. ఆయన 2022 నవంబర్‌లో పోతే, 2023 మే 31న ఆయన పుట్టినరోజుకి 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’ని 4కేలో మళ్ళీ విడుదల చేశారు. ఆఖరి సినిమా ఏదన్న ప్రశ్నే రానివ్వని ఏర్పాటు రీ-రిలీజ్. బాండ్ తరహాలో పాత్రకి వీడ్కోలు చెప్పే అవసరం ఇక్కడ ఎప్పుడూ పడలేదు, అందుకే అది ఎదురైనప్పుడు ఏ ముఖం పెట్టాలో తెలియలేదు.

అద్దె పుస్తకాల షాడో

సినిమాల్లో పాత్ర అభిమానం లేకపోయినా పుస్తకాల్లో ఉంది, దానికి కేంద్రం విజయవాడే. అక్కడ అచ్చయిన పాకెట్ నవలలు బస్టాండు స్టాళ్ళలో, రైల్వే ప్లాట్‌ఫాం మీద, వీధి చివర అద్దె పుస్తకాల కొట్టుల్లో దొరికేవి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో ఆ కొట్టుల్లో అట్టలు ఊడిపోయేదాకా తిరిగిన పేర్లు. షాడోకి ముఖం లేదు, అట్ట మీద బొమ్మ ఒక్కోసారి ఒక్కోలా ఉండేది. అయినా గంగారాం, ముఖేష్, కులకర్ణి ఎవరంటే చదివినవాళ్ళు ఇప్పటికీ ఠక్కున చెబుతారు.

షాడో చావుబతుకుల్లో పడని నవల తక్కువ. పేజీ తిప్పితే లేచేవాడు. ఆ పాఠకులకి బాండ్ తర్కం బాగా తెలుసు: ముఖం మారినా మనిషి ఒకడే, దెబ్బ తిన్నా తర్వాతి పుస్తకం ఉంటుంది. ఇప్పుడు యాభై, అరవై దాటిన ఈ పాఠకులే బాండ్ చావుకి ఎక్కువ నొచ్చుకున్నవాళ్ళలో ఉండడం సహజం. ఈథన్ బతికి బయటపడడం మీద వాళ్ళకి ఫిర్యాదు లేదు. ‘చివర్లో చచ్చిపోతే బాగుండేది, పీక్స్‌లో ఉండేది’ అన్నది పాతికేళ్ళలోపు వాళ్ళ మాట. సూపర్‌హీరో సినిమాల్లో త్యాగాలు చూస్తూ పెరిగిన తరం, వాళ్ళకి ఆఖరి సినిమా అంటే ఒకరైనా పోవాలి.

తెలుగులోకి వచ్చేసరికి

కొంత నష్టం దారిలో జరుగుతుంది. హాలీవుడ్ సినిమాకి ఇంటర్వెల్ ఉండదు, మనకి లేకపోతే కుదరదు. తెలుగు సినిమా ఇంటర్వెల్ కోసమే ఒక పెద్ద మలుపు రాసుకుంటుంది. ఇంగ్లిష్ సినిమాని మాత్రం ఎక్కడో ఒకచోట కోస్తారు, ఒక్కోసారి మాట మధ్యలో. ఊపిరి బిగబట్టాల్సిన సీన్‌కి పాప్‌కార్న్ క్యూ అడ్డం వస్తే బిగువంతా పోతుంది.

రెండోది ప్రతిధ్వని పోవడం. ‘నో టైమ్ టు డై’లో ‘మనకి కావలసినంత సమయం ఉంది’ అన్న అర్థం వచ్చే మాట వస్తుంది, పేర్లు పడేటప్పుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాట వస్తుంది. రెండూ 1969 బాండ్ సినిమాలోవి. అందులో పెళ్ళయిన రోజే బాండ్ భార్యని కాల్చి చంపేస్తారు. ఆ సంగతి తెలిసినవాడికి ఈ మాట మొదటిసారి వినగానే గుండె జారుతుంది, ఎవరో పోబోతున్నారని అర్థమైపోతుంది. అంటే సినిమా తన ముగింపుని వీరగాథలాగే ముందే చెప్పింది, కాకపోతే 1969 భాషలో. ఎంత చక్కగా తెలుగు చేసినా ఆ సినిమా చూడనివాడికి అది మామూలు ప్రేమ మాట. హెచ్చరిక అందలేదు కనక దెబ్బ గట్టిగా తగిలింది.

ఇక ముందు

బాండ్ తిరిగి రావడం ఖాయం. 2025 ఫిబ్రవరిలో బాండ్ సినిమాలు తీస్తూ వచ్చిన బ్రాకలీ కుటుంబం సృజన బాధ్యతని అమెజాన్ ఎంజీఎంకి అప్పగించింది. అదే ఏడు జూన్‌లో దర్శకుడిగా డెనీ విల్నోవ్ పేరు ప్రకటించారు. ఒక కుటుంబం చేతిలో 60 ఏళ్ళున్న పాత్ర పెద్ద కంపెనీ చేతికి వెళ్తే సినిమాల మధ్య విరామం తగ్గొచ్చు, పక్క పాత్రలతో సిరీస్‌లు రావొచ్చు. అలా జరిగితే ఆఖరి సినిమా అన్న మాటకి విలువ ఇంకా పడిపోతుంది. క్రెయిగ్‌కి దొరికినట్టు మొదలూ చివరా ఉన్న ఐదు సినిమాల కథ మరో నటుడికి దొరుకుతుందా అన్నది అనుమానమే.

‘మిషన్ ఇంపాజిబుల్’ది చిక్కుముడి. ‘ఫైనల్ రెకనింగ్’ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 60 కోట్ల డాలర్లు తెచ్చింది. మామూలు సినిమాకి అది పండగే, దీనికి పెట్టిన ఖర్చుకి కాదు. హీరోని బతికించారు కాబట్టి తలుపు మూయలేదు. కానీ క్రూజ్ లేకుండా ఆ తలుపులోంచి వచ్చేవాణ్ణి జనం ఈథన్ అనుకోరు. ఒక హీరో వారసుడు ఆ హీరో పాత్ర వేస్తే ఇక్కడ ఎలా చూస్తారో, దాన్నీ అలాగే చూస్తారు.

తెలుగులో గూఢచారి వరస మళ్ళీ కదిలింది. 2018లో అడివి శేష్ ‘గూఢచారి’ ఆ పాత పేరుని వెనక్కి తెచ్చింది, రెండో భాగం మొదలైంది. ఇది పాత్రని ఒక సినిమా నుంచి ఇంకో సినిమాకి నడిపించే ప్రయత్నం, కృష్ణ సినిమాల పద్ధతి కాదు. ఆ పాత్రకి ఎప్పుడైనా ముగింపు రాయాల్సి వస్తే క్రెయిగ్ దారా, క్రూజ్ దారా అన్న ప్రశ్న గాంధీనగర్‌లో కూడా వస్తుంది, ఈసారి కలెక్షన్ల అంకెలతో సహా.

ఈలోగా కొత్త బాండ్ మొదటి ఆటకి విజయవాడ హాల్లో ఎవరో ఒకరు పక్కవాణ్ణి అడుగుతారు: ‘పోయినసారి పోయాడు కదా, ఎలా వచ్చాడు?’ సినిమా దానికి జవాబు చెప్పకపోవచ్చు. 1973లో చెప్పలేదు, 1987లో చెప్పలేదు, 1995లో చెప్పలేదు. ముఖం మారిన సంగతిని బాండ్ సినిమా దాచకుండా ఒప్పుకున్నది 1969లో, లేజెన్‌బీ వచ్చినప్పుడు. మొదటి ఫైట్ అయ్యాక తను కాపాడిన అమ్మాయి పలకరించకుండా కారెక్కి వెళ్ళిపోతుంది. ఆయన ప్రేక్షకుల వైపు చూసినట్టు చూసి, పాతాయనకి ఎప్పుడూ ఇలా జరగలేదే, అంటాడు.